గోడలో వైరు, బల్ల మీద బెల్లు

తుంగభద్ర కర్నూలు ఊళ్లోకి వచ్చిన ఏడు నన్ను గోడలో పెట్టారు. అంతకు ముందు నేను గోడ ఎరగను. ఆ తర్వాత గోడ తప్ప వేరే ఏదీ ఎరగను.

నేను ఒక వైరుని. కరెంటు వైరుని కాదు. దానికి పొగరు, ముట్టుకుంటే కొడుతుంది. నేను ఎవరినీ కొట్టను. ఒక కంప్యూటరు చెప్పిన మాటను ఇంకో కంప్యూటరుకు మోసుకుపోతాను. మూటలో ఏముందో మోసేవాడికి అనవసరం.

నా పైన బూడిద రంగు చొక్కా. లోపల ఎనిమిది సన్న తీగలు. ఎనిమిదీ జంటలుగా మెలి తిరిగి ఉంటాయి. నారింజ జంట, ఆకుపచ్చ జంట, నీలం జంట, గోధుమ జంట. జంటలో ఒకరిది నిండు రంగు, ఒకరిది తెలుపు మీద చార. ఉమ్మడి కాపురం అనుకోండి. నాలుగు జంటలు ఒకే చొక్కాలో దూరి బతకాలి. మెలి ఎందుకంటే, ఒక జంట మాటలు ఇంకో జంట చెవిన పడకుండా. మనుషుల ఉమ్మడి కాపురాల్లో ఈ ఏర్పాటు ఉన్నట్టు లేదు. పదహారేళ్లు ఆఫీసు గోడలో ఉండి విన్నాను కాబట్టి చెబుతున్నాను.

నేను పుట్టిన ఫ్యాక్టరీలో నా శక్తి ఎంతో నా చొక్కా మీదే అచ్చు వేశారు. వంద కాదు, వెయ్యి వేగం దాకా మోయగలనని. వేసి, వెయ్యి అడుగుల వైరును అట్టపెట్టెలో చుట్టి లారీ ఎక్కించారు. లారీ అలంపూర్ చౌరస్తా దాకా వచ్చి నిలబడిపోయింది. ముందుకు పోదామంటే రోడ్డు లేదు, ఏరు ఉంది. నాలుగు రోజులు అక్కడే. డ్రైవరు నా పెట్టె మీద కూర్చుని అన్నం తిన్నాడు. లోకంలో నా మీద పడిన మొదటి బరువు అది.

నీళ్లు తీశాక ఊళ్లోకి వచ్చాను. నన్ను తెప్పించిన ఆఫీసు కాలవలకు, పొలాలకు పటాలు గీసే ప్రైవేటు ఆఫీసు. పేరు చెప్పను. వాళ్ల బోర్డే వరదకు కొట్టుకుపోయింది, పేరు నాకెందుకు? వరదకు ముందు ఆ ఆఫీసు కింది అంతస్తులో ఉండేది. నీళ్లు ఫ్యాన్ల దాకా వచ్చాయి. మిగిలిన సామాను ఎత్తుకుని అదే ఇంట్లో పై అంతస్తుకు ఎక్కారు.

వైరు పని హుసేనప్పకు అప్పజెప్పారు. అప్పటికి ఆయనకు అరవై దగ్గర. దూది ఏకే ఇంట్లో పుట్టి, మూడో తరగతితో బడి మానేసి, కరెంటు పని నేర్చుకున్నాడు. అక్షరాలు కూడబలుక్కుంటాడు గానీ రంగులు తప్పడు. మాట మాత్రం చాలా తక్కువ. లోకం అడిగే ప్రశ్నల్లో చాలా వాటికి ఆయన దగ్గర ఒకటే జవాబు. "ఊఁ."

ఆయన నన్ను గోడలోకి దించుతుంటే నిచ్చెన పట్టుకున్నది ఉరుకుందమ్మ. పటాలు గీసే పనిలో అప్పుడే చేరింది. నిచ్చెన పట్టుకోవడం ఆమె పని కాదు. పట్టుకునేవాళ్లు ఇంకెవరూ లేకపోతే పట్టుకుంది.

నా దారి ఎట్లా ఉంటుందో చెప్పాలి. మెట్ల పక్కన చిన్న గదిలో పెద్ద కంప్యూటరు ఉంటుంది. పటాలన్నీ దాని కడుపులోనే. నేను అక్కడ మొదలై, హాలు గోడలో పొడుగునా నడిచి, చివర మేనేజరు గారి గదిలో తేలుతాను. అక్కడ బీరువా వెనక ఒక డబ్బా. ఆ డబ్బా నుంచి హాల్లో ఆరు బల్లలకు ఆరు వైర్లు మళ్లీ వెనక్కి వస్తాయి. హాల్లోకి పోవాల్సిన మాట హాలు దాటి పోయి, మేనేజరు గదిలో దండం పెట్టుకుని, తిరిగి హాల్లోకి రావాలి. ఎందుకిట్లా అంటే, మేనేజరు శేషశయనం గారు ఆ రోజు తేల్చి చెప్పారు.

"ఆఫీసుకు ఏది వచ్చినా ముందు నా రూముకు రావాల. టపా అయినా సరే, కంప్యూటరు వైరు అయినా సరే."

"ఊఁ" అన్నాడు హుసేనప్ప.

"ఇంకోటి. కంప్యూటర్లు రేపు కాకపోతే ఎల్లుండి. ముందు నాకు బెల్లు కావాల. కింద రూములో నా బల్ల మీద ఇత్తడి గంట ఉండె. వరద తీసకపాయ. వారం నుంచి ఈ సుంకన్నను నోటితో పిలుస్తాండా. నోటితో పిలిస్తే మర్యాద యాడుంటాది?"

సుంకన్న అటెండరు. మెట్ల దగ్గర ఒక స్టూలు, దాని మీద ఆయన. అక్కణ్ణించే అన్నాడు. "పిలిస్తే పలుకుతాండా కద సార్."

"నువ్వు పలుకుతావప్పా. అరిచేది నేను కద!"

హుసేనప్ప బజారుకు పోయాడు. షాపులన్నీ బురదలో ఉన్నాయి. ఎలక్ట్రిక్ బెల్లు ఒకటి దొరికింది, బొత్తాం దొరికింది, వాటి మధ్య వేయడానికి వైరు దొరకలేదు. తిరిగి వచ్చి గోడ ముందు నిలబడి నన్ను చాలాసేపు చూశాడు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

ఆ కాలం కంప్యూటర్లకు వంద వేగం చాలు. వందకు రెండు జంటలు చాలు. నారింజ, ఆకుపచ్చ పని చేస్తాయి, నీలం, గోధుమ ఊరికే కూర్చుంటాయి. ఊరికే కూర్చున్నవాళ్లను చూస్తే హుసేనప్పకు గిట్టదు. రెండు చివర్లా, జానెడు ఇవతల, గోడలో ఒక చెక్కపెట్టె పెట్టి, అందులో నా గోధుమ జంటను విడదీసి బెల్లుకు కలిపాడు. అటు సారు బల్ల అంచున బొత్తాం. ఇటు సుంకన్న నెత్తి మీద బెల్లు. పెట్టెలకు మూతలు బిగించి పైన సున్నం పూశాడు. సున్నం ఆరితే అక్కడ పెట్టె ఉందని కన్నతల్లి కూడా చెప్పలేదు.

అంతటితో వదిలినా బాగుండేది. నా కొసలకు ప్లగ్గులు నొక్కేటప్పుడు చూసుకున్నాడు. ఎనిమిది తీగలు ఉండాల్సిన చోట ఆరే ఉన్నాయి. రెండు సందులు ఖాళీ. పని నిండుగా కనబడకపోతే ఆయనకు అన్నం సయించదు. వేలెడు వేలెడు గోధుమ తీగ ముక్కలు కోసి ఆ ఖాళీల్లో గుచ్చాడు. అవి ఎక్కడికీ పోవు, ఏదీ మోయవు. కట్టుడు పళ్ల లాంటివి. చూసినవాళ్లకు మాత్రం ఎనిమిది రంగులు వరసగా, ముచ్చటగా కనబడతాయి.

అట్లా నా కొడుకూ కోడలూ అనుకోదగ్గ గోధుమ జంట బెల్లు కొలువులో చేరింది.

ఆ తర్వాత కూడా ఒక నెల రోజులు హుసేనప్ప ఆ ఇంట్లోనే పని చేశాడు. కింద అంతస్తులో బురద ఎత్తించడం, పాత స్విచ్చులు మార్చడం. పైకి వచ్చినప్పుడు చూసేదాన్ని. మొదట్లో మరలు, అదే స్క్రూలు, అగ్గిపెట్టెలో వేసుకునేవాడు. తర్వాత ఒక ఇత్తడి గిన్నె వచ్చింది. దానికి అడుగున పిడి ఉంది, నేల మీద పెడితే నిలవదు. ఒక రేకు డబ్బాలో గుచ్చి నిలబెట్టుకునేవాడు. అట్లాంటి గిన్నె నేను ఎక్కడా చూడలేదు. ఎవరైనా అడుగుతారేమో అనుకున్నాను. ఎవరూ అడగలేదు.

శేషశయనం గారు బెల్లును బాగా వాడారు. ఒకసారి నొక్కితే మంచినీళ్లు. రెండుసార్లు నొక్కితే టీ. మూడుసార్లు ఫైలు. నొక్కిన వేలు తీయకపోతే ఆయనకు ఎవరి మీదో కోపం, ఎవరో సుంకన్నే కనుక్కుని పంపాలి. రోజుకు నలభై, యాభై సార్లు. బెల్లు మోగినప్పుడల్లా గోధుమ జంట ఒళ్లంతా అదిరేది. పక్కన నారింజ, ఆకుపచ్చ జంటలకు చెవులు గింగురుమనేవి. మోస్తున్న మూట జారేది. జారిన మూట మళ్లీ మొదటి నుంచి మోయాలి.

హాల్లో వాళ్లకు అది అలవాటైపోయింది. బెల్లు మోగితే బొమ్మ నిలిచిపోతుంది. కొత్తగా చేరినవాళ్లు ఎందుకని అడిగితే సుంకన్న చెప్పేవాడు.

"మాకే కాదప్పా, సారు బెల్లు కొడితే కంప్యూటరు గూడా లేచి నిలబడతాది. సారంటే అంత భయం."

పదహారేళ్లలో దాన్ని ఎవరూ రోగం అనుకోలేదు. మర్యాద అనుకున్నారు.

కాలం మారింది. కాగితం పటాలు పోయాయి. ఆకాశంలో డ్రోను తిప్పి ఊళ్లకు ఊళ్లు ఫోటోలు తీయడం వచ్చింది. ఒక ఊరి బొమ్మ ఎంత బరువంటే, పాత పటాలు వంద కలిపినా అంత లేదు. ఉరుకుందమ్మ పొద్దున్నే ఒక ఊరి బొమ్మ తెరవమని చెప్పి ఊరుకునేది. బెల్లు మోగకపోతే తొమ్మిది నిమిషాలు. మోగితే లెక్క లేదు. సగం ఊరు వచ్చాక సారుకు టీ గుర్తొచ్చేది, ఊరు మొత్తం మళ్లీ మొదటి నుంచి. ఆమె ఆ సందులో టిఫిను డబ్బా కడుక్కొచ్చేది, పూలు కట్టుకునేది. తెర మీద కాలవ వచ్చి, తూము రాకముందే నిలబడిపోతే బతిమాలేది కూడా. "రా తల్లీ, ఇంకొంచెం రా."

హైదరాబాదులో ఉన్న పెద్ద ఆఫీసు వాళ్లు వెయ్యి వేగం పోయే కొత్త కంప్యూటర్లు ఆరు పంపారు. కొత్త డబ్బా పంపారు. కొబ్బరికాయ కొట్టి పెట్టారు. తెర మీద చూస్తే వేగం వంద. తీసి మళ్లీ పెట్టారు. వంద. ఇంకో కొబ్బరికాయ కొట్టారు. వంద.

అప్పుడు కబురు వచ్చింది. ఇరవయ్యో తారీకున పెద్ద ఆఫీసు నుంచి కల్పలత మేడం వస్తారు. ఆమె ముందు ఒక ఊరి బొమ్మ నిమిషంలోపు తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే ఆరు కుర్చీలూ హైదరాబాదుకు తీసుకుపోతారు. ఇష్టమున్నవాళ్లు కుర్చీ వెంబడి పోవచ్చు.

ఆ రోజు ఉరుకుందమ్మ అన్నం డబ్బా తెరవలేదు. ఇంట్లో జీతం వచ్చేది ఆమె ఒక్కదానికే. ఇద్దరు కూతుళ్లు ఈ ఊళ్లోనే నర్సింగు చదువుతున్నారు.

"కుర్చీకి చక్రాలు ఉండాయి, పోతాది. నేనెట్ల పోతా సుంకన్నన్నా?" అంది.

"కుర్చీలు పోతే ఈడ నేనెవరికి నీళ్లియ్యాల?" అన్నాడు సుంకన్న.

రోగం కనుక్కోమని హైదరాబాదు నుంచి నిఖిలేష్ అనే ఇంజనీరును పంపారు. మంచివాడు. వీపున సంచి, చేతిలో దీపాలు వెలిగే పరికరం. నా కొసలకు ఆ పరికరం తగిలించాడు. ఆరు దీపాలు వెలిగాయి. ఏడు, ఎనిమిది వెలగలేదు. ప్లగ్గు తీసి వెలుతురులో పట్టి చూశాడు. ఎనిమిది రంగులు వరసగా ఉన్నాయి.

"ప్లగ్గు మంచిగనే కొట్టిన్రు. వైరు కూడా వెయ్యిదే. గోడ లోపల ఎక్కడనో తెగింది సార్. గోడ కొట్టాలె" అన్నాడు.

నా చొక్కా మీద రాత చదివిన మొదటి మనిషి అతనే. చదివి, నేను తెగానని చెప్పాడు. అరవాలనిపించింది. నాకు నోరు లేదు.

ఇంటి ఓనరు బాలచెన్నయ్య చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కి వచ్చాడు. "వరదకే నిలబడిన గోడప్పా ఇది! మీ సుత్తికి పడాల్నా? ఒక్క మేకు కొడితే ఖాళీ చేయండి!"

సరే, గోడ వద్దు, నేల మీద ఇంకో వైరు వేద్దామన్నాడు నిఖిలేష్. నీలం రంగు కొత్త వైరు, నిగనిగలాడుతూ వచ్చింది. మెట్ల పక్క గది నుంచి హాలు మధ్యగా పరిచి, సారు తలుపు కింద నుంచి దూర్చారు. మొదటి గంటలో సుంకన్న టీ గ్లాసులతో సహా దాని మీద పడ్డాడు. రెండో గంటలో సారు తన అలవాటు ప్రకారం తలుపు దడాలున వేశారు. కొత్త వైరు పని అయిపోయింది.

నిఖిలేష్ ఇంకోటి తెచ్చాడు. ఈసారి కిటికీలోంచి బయటికి తీసి, గోడ పొడుగునా వేలాడదీసి, సారు కిటికీలోంచి లోపలికి తెచ్చాడు. తెర మీద వెయ్యి వచ్చింది! హాల్లో చప్పట్లు. ఆ సంతోషం మధ్యాహ్నం దాకా ఉంది. మధ్యాహ్నం కోతులు వచ్చాయి. కర్నూలు కోతికి వేలాడేది ఏది కనబడినా అది తనకోసమే కట్టారని నమ్మకం. పెద్ద కోతి ఒకటి ఊగింది, పిల్లలను పిలిచింది. సాయంత్రానికి వైరు కొస పక్కింటి నీళ్ల ట్యాంకు మీద, ఒక ముసలి కోతి నోట్లో ఉంది.

అసూయ నాకు లేదు. కానీ ఆ రోజు గోడలో ఉన్నందుకు మొదటిసారి సంతోషపడ్డాను.

గోడ కొట్టనిదే కుదరదని రాసిచ్చి నిఖిలేష్ తల పట్టుకున్నాడు. తారీకు పద్దెనిమిది.

ఉరుకుందమ్మ ఊరికే కూర్చోలేదు. ఆ రోజంతా ఒక కాగితం దగ్గర పెట్టుకుంది. బెల్లు మోగితే ఒక గీత. బొమ్మ నిలబడితే దాని పక్కన ఒక గీత. సాయంత్రానికి నలభై మూడు గీతలు ఒక వైపు, నలభై మూడు ఇంకో వైపు. వంక లేకుండా సరిపోయాయి.

"సుంకన్నన్నా, నీ నెత్తి మీద బెల్లుకు వైరు యాడ్నుంచి వస్తాది?"

సుంకన్న మెడ పైకెత్తాడు. పదహారేళ్లు దాని కింద కూర్చున్నాడు గానీ ఆ సంగతి ఎప్పుడూ చూడలేదు. "గోడలోంచి."

"గోడలోకి యాడ్నుంచి?"

"అది గోడనడుగమ్మా!"

అడిగితే చెప్పేదాన్నే. ఆమె నిజంగానే గోడ వైపు చూసింది. ఆ చూపులోనే నిచ్చెన గుర్తొచ్చినట్టుంది.

మరునాడు పొద్దున హుసేనప్పను పిలుచుకొచ్చింది. పాత బస్టాండు దగ్గర టేబుల్ ఫ్యాన్లు బాగు చేసుకుంటున్నాడట. డెబ్బై దాటిపోయాయి. మెట్లు ఎక్కడానికి రెండుసార్లు ఆగాడు. భుజాన అదే సంచి. సంచిలో అదే రేకు డబ్బా, దాంట్లో గుచ్చిన అదే ఇత్తడి గిన్నె, నిండా మరలు.

"మామా, ఆ పొద్దు నిచ్చెన పట్టుకున్నది నేనే. గుర్తుందా?"

"ఊఁ."

"సారు బెల్లుకు వైరు యాడ తెచ్చినావు?"

"తేల్యా."

"మల్ల?"

ఆయన గోడ మీద వేలితో తట్టాడు. సరిగ్గా నా వీపు మీద. పదహారేళ్లకు కూడా ఆ వేలు తప్పలేదు. "దీంట్లోదే."

ఉరుకుందమ్మ గట్టిగానే అంది. "నెల నుంచి ఈడ మా కడుపులు మండుతాండాయి మామా! నీ చెవిన పడల్యా? ఒక్క మాట చెప్పుంటే ఏం పోయె?"

"నన్నెవరు అడిగినారు?"

నిఖిలేష్‌కు ఇంకా నమ్మకం కుదరలేదు. "కాని తాతా, ప్లగ్గుల ఎనిమిది తీగలున్నయి గదా. నేనే చూసిన."

హుసేనప్ప ప్లగ్గు అందుకుని, పటకారుతో కొరికి, రెండు గోధుమ ముక్కలు లాగాడు. పళ్లు ఊడినట్టు ఊడి చేతిలోకి వచ్చాయి. రెండో కొసలో కూడా అట్లాగే రెండు.

"ఇవి ఎందుకు పెట్టినవ్ తాతా!"

"ఖాళీగా ఉంటే బాగుండదు."

ఇంజనీరు చదువు చదివిన పిల్లవాడు ఆ ముక్కల వైపు, ముసలాయన వైపు చూసి, నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేక స్టూలు మీద కూలబడ్డాడు. అది సుంకన్న స్టూలు.

హుసేనప్ప ఆ నాలుగు ముక్కలనూ మరలున్న ఇత్తడి గిన్నెలో వేసుకున్నాడు. పారేయడం ఆయనకు రాదు.

సంగతి శేషశయనం గారికి చెప్పడానికి ఎవరూ ముందుకు రాలేదు. బెల్లు మోగింది. వేలు తీయలేదు, కోపం బెల్లు. ఉరుకుందమ్మే పోయింది. గోడకు ఆ పక్క అంతా విన్నాను.

"బెల్లు తీసేయాల్నా? బెల్లు లేకుండా ఆఫీసు ఎట్ల నడుస్తాదమ్మా?"

"బెల్లుంటే ఆఫీసే ఉండదు సార్."

"ఇంకో వైరు మీద పెట్టుకోండి మీ వేగం."

"ఒకటి తలుపు తినె, ఒకటి కోతి తినె సార్. ఇంక ఇదొక్కటే ఉండాది."

తలుపు దగ్గర నుంచి నిఖిలేష్ అన్నాడు. "వైరు లేని బెల్లు బజార్ల దొరుకుతది సార్."

"పక్కింట్లో ఉండాది అది. వాళ్లింటికి పాలోడు వస్తే మూడిళ్లల్లో మోగుతాది. పాలోనికి నేను పలకాల్నా?"

తర్వాత ఆయన గొంతు కొంచెం తగ్గింది. "మేడం వచ్చి పోయేదాకా తీయండి. పోయినాక ఎట్లుండేది అట్లే పెట్టాల."

బీరువా జరిపారు. హుసేనప్ప సున్నం గీకి రెండు పెట్టెలూ తెరిచాడు. గోధుమ జంటను బెల్లు నుంచి విడదీసి, నా ఒంట్లోకి తెచ్చి, కొత్త ప్లగ్గులు నొక్కాడు. ఈసారి ఎనిమిదీ నిజం పళ్లే. పాపం గోధుమ జంట. పదహారేళ్లు మంచినీళ్లు, టీ, ఫైలు తప్ప ఏమీ మోయలేదు. ఇప్పుడు ఒక్కసారిగా కాలవలు, చెరువులు, ఊళ్లకు ఊళ్లు మీద పడ్డాయి. నీలం జంట పదహారేళ్ల నిద్ర నుంచి లేచి ఏ ఊరని అడిగింది. కొంచెం తడబడ్డాం. నాలుగు జంటలం కలిసి ఎత్తాం.

తెర మీద వెయ్యి.

ఇరవయ్యో తారీకున కల్పలత మేడం వచ్చారు. నెమ్మదిగా మాట్లాడతారు, చేతి గడియారం తీసి బల్ల మీద పెడతారు. శేషశయనం గారు తన గదిలోంచి హాలు కనబడేలా తలుపు తెరిచి కూర్చున్నారు. ఉరుకుందమ్మ ఒక ఊరి బొమ్మ మీద నొక్కింది. ఊరు రావడం మొదలుపెట్టింది. ఇళ్లు వచ్చాయి, దారి వచ్చింది, కాలవ వచ్చింది.

సరిగ్గా అప్పుడు శేషశయనం గారి చెయ్యి, ఆయన ప్రమేయం లేకుండా, బల్ల అంచుకు పోయింది. మేడంకు టీ చెప్పాలి కదా. రెండుసార్లు నొక్కారు.

ఉరుకుందమ్మ ఆ చెయ్యి చూసింది. కళ్లు మూసుకుంది. ఆరుగురూ అలవాటు కొద్దీ చేతులు బల్ల మీద నుంచి తీశారు.

ఏమీ మోగలేదు. ఏమీ ఆగలేదు. తూము వచ్చింది, తూము పక్కన చెట్టు వచ్చింది, చెట్టు కింద పడుకున్న బర్రె కూడా వచ్చింది.

"యాభై రెండు సెకన్లు" అన్నారు మేడం.

అదే నిమిషానికి సుంకన్న టీ గ్లాసుల పళ్లెంతో లోపలికి వచ్చాడు. శేషశయనం గారు బొత్తాం వైపు, సుంకన్న వైపు చూశారు.

"బెల్లు మోగల్యా కద?" అన్నారు గొంతు తగ్గించి.

"మేడం వస్తే టీ ఇయ్యాలని బెల్లు చెప్పాల్నా సార్?"

మేడం టీ తాగి, కుర్చీలు ఇక్కడే ఉంటాయని చెప్పారు. లేస్తూ ఇంకో మాట కూడా చెప్పారు. "రేపటి నుంచి మీ వేగం మాకు అక్కడ రోజూ కనబడుతుంది. మళ్లీ వందకు పడిపోతే మళ్లీ మాట్లాడుకుందాం."

ఆమె కారు కదిలిందో లేదో శేషశయనం గారు హాల్లోకి వచ్చారు. ఏదైనా తేడా వస్తుందేమోనని ఉరుకుందమ్మ ఉండమన్న హుసేనప్ప ఒక మూల సంచి సర్దుకుంటున్నాడు.

"హుసేనప్పా, రేపు పొద్దున వచ్చి నా బెల్లు నాకు పెట్టెయ్యి."

ఉరుకుందమ్మ లేచి నిలబడింది. "సార్! మేడం ఏం చెప్పిపాయ?"

"విన్న్యాలేమ్మా. ఎట్ల చేస్తాడో ఆయప్పకే తెలియాల. ముప్పై ఏండ్ల సర్వీసు నాది. ఇంటికి పోతే నా మాట వినేవాళ్లు లేరు, ఈడ ఒక్క సుంకన్న ఉండాడు. ఆయప్పను గూడా కేకేసి పిలవాల్నా? బల్ల మీద ఏదో ఒకటి మోగాల!"

హుసేనప్ప ఆయన ముఖంలోకి కొంచెంసేపు చూశాడు.

"ఊఁ."

ఆ ఊఁకు అర్థం ఏమిటో ఎవరికీ తెలియలేదు. సరే అని సారు అనుకున్నారు. కుర్చీ పోయిందని ఉరుకుందమ్మ అనుకుంది. ఆయన చేతుల్లో పదహారేళ్ల కిందట ఒకసారి తెగినదాన్ని, నేను కూడా అదే అనుకున్నాను. గోధుమ జంటకు చెప్పి పెట్టాను, సంసారం సర్దుకోండని.

మరుసటి పొద్దున తొమ్మిదిన్నరకే ఆయన వచ్చాడు. ఉరుకుందమ్మ అంతకన్నా ముందే వచ్చి మెట్ల గది తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆయన ఆమెను దాటి సారు గదిలోకి పోయాడు. నేల మీద పాత పేపరు పరిచి, రేకు డబ్బాలోంచి ఇత్తడి గిన్నె తీసి, మరలన్నీ దాని మీద గుమ్మరించాడు. గిన్నెను తిరగేశాడు. అడుగున ఉన్న పిడి పైకి వచ్చింది.

గిన్నె కాదు. గంట. నాలుక ఊడిపోయిన గంట.

మరల కుప్పలోంచి బరువైన నట్టు ఒకటి ఏరాడు. నాలుగు గోధుమ ముక్కల్లో రెండు తీసి, కలిపి మెలి తిప్పి, దాంతో నట్టును గంట లోపల కట్టాడు. తువ్వాలుతో తుడిచి బల్ల మీద పెట్టాడు.

శేషశయనం గారు దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు. "ఇది నాది కద! కింద రూములోది! యాడ దొరికె?"

"బురదలో."

"ఎప్పుడు?"

"ఆ ఏడే."

"పదహారేండ్ల నుంచి పెట్టుకుంటివా! అప్పుడే ఎందుకియ్యల్యా?"

హుసేనప్ప గోడ వైపు, బెల్లు పెట్టె ఉన్న చోటు వైపు చూశాడు. "అప్పటికే సున్నం ఆరిపాయ."

సారు గంట ఊపారు. బొంగురుగా, పాతగా, గట్టిగా మోగింది. గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్న సుంకన్న వెనక్కి స్టూలు దాకా పోయి, మళ్లీ నడుచుకుంటూ వచ్చి, "సార్" అన్నాడు. హాల్లో ఒక ఊరి బొమ్మ తెరుచుకుంటూ ఉంది. అది నిలబడలేదు.

హుసేనప్ప మరలు ఏరి అగ్గిపెట్టెలో వేసుకున్నాడు. నా రెండు పెట్టెలకూ మూతలు బిగించాడు. చిన్న ముంతలో తెచ్చుకున్న సున్నాన్ని వేలితో తీసి మరల తలల మీద పూశాడు. పూసి, గోడ ముందు చేతులు కట్టుకుని, సున్నం ఆరేదాకా నిలబడి, మెట్లు దిగిపోయాడు.